తల మీద ఒట్టు

ఆ ఎండాకాలం తర్వాత మా ఇంట్లో దోసకాయ వండటం మానేశాం. పప్పులోకీ లేదు, పచ్చట్లోకీ లేదు. ఎవరైనా అడిగితే మా ఆయన చలపతి "మాకు పడదండీ" అని ఊరుకుంటారు. పడని మాట నిజమే. కాకపోతే దానికీ కడుపుకీ సంబంధం లేదు.

నా పేరు భ్రమరాంబ. మాది ఒంగోలు. ఉండేది సిడ్నీలో, ద పాండ్స్ అనే పేటలో. వారానికి ఐదు రోజులు ఒక ఇన్సూరెన్స్ ఆఫీసులో అంకెలతో కుస్తీ పడతాను. ఆ ఏడాది శనివారాలు మాత్రం ఒక యూనివర్సిటీ గ్రిడైరన్ జట్టుకి ఆట పిలిచాను. గ్రిడైరన్ అంటే అమెరికా వాళ్ళ ఫుట్‌బాల్. తలకి హెల్మెట్లు, భుజాలకి దిమ్మలు కట్టుకుని ఎదురెదురుగా గుద్దుకుంటారు. బంతి ఉన్న జట్టుకి నాలుగు ప్రయత్నాలిస్తారు, వాటిలో పది గజాలు ముందుకెళ్ళాలి. ప్రతి ప్రయత్నానికీ ముందు బంతి ఎవరికివ్వాలో, ఎటు పోవాలో, విసరాలో వద్దో మైదానం అంచున నిలబడి ఒకరు కేకేసి చెప్పాలి. దాన్నే ఆట పిలవడం అంటారు. ఆ కేక నాది. మొగపిల్లలు నలభై మంది ఆడే ఆటకి ముప్పై ఏడేళ్ళ ఒంగోలు ఆడది కేకలేయడమేమిటని మొదట్లో నవ్వారు. వరసగా నాలుగు మ్యాచ్‌లు గెలిచాక నవ్వడం మానేశారు.

బంతి పట్టుకుని పరిగెత్తేవాడు మా తమ్ముడు బాలమురళి. మాస్టర్స్ చదవడానికొచ్చి మా ఇంట్లోనే ఉంటున్నాడు. వాడు ఆడుతుంటే చూడ్డానికెళ్ళి, ఊరికే కూర్చోలేక ఎవరు ఎటు పోతే ఎన్ని గజాలొస్తున్నాయో ల్యాప్‌టాప్‌లో రాసుకునేదాన్ని. అది చూసి హెడ్ కోచ్ గ్రాంట్ నన్ను పక్కన నిలబెట్టుకున్నాడు. ఈ ఆటలో నాకు వచ్చిందంతా ఆయన నేర్పిందే.

గ్రాంట్‌కి అరవై దాటాయి. ఆ ఏడాది మోకాలి ఆపరేషన్ అయి, స్టాండులో పై మెట్టు మీద మడతకుర్చీ వేసుకుని కూర్చునేవాడు. నేను కింద. ఇద్దరి చెవులకీ హెడ్‌సెట్లు. సీజన్ మొదటి రోజు అందరి ముందూ చెప్పాడు, ఈసారి ఏ ఆట ఆడాలన్నది పూర్తిగా బ్రామ్ ఇష్టం, నేను నోరెత్తను అని. నా పేరు వాళ్ళ నోట్లో బ్రామ్ అయింది. ఆయన నోరెత్తకుండా ఉన్నది మొదటి మూడు నిమిషాలు.

"ఇట్స్ యువర్ కాల్, బ్రామ్. బట్..." అనేవాడు, ఎంతో నెమ్మదిగా. ఆ బట్ తర్వాత ఏది వస్తే అదే ఆట. బంతి విసరడం ఆయనకి గిట్టదు. మధ్యలోంచి గుద్దుకుంటూ పోతే ఎప్పటికో ఒకప్పటికి ఎదుటివాళ్ళు అలిసి దారిస్తారన్నది ఆయన సిద్ధాంతం. వారమంతా కూర్చుని నేను రాసుకొచ్చిన కాగితంలో సగం విసుర్లే ఉండేవి. ఆట అయ్యేసరికి బంతులన్నీ మురళి చేతికెళ్ళి మధ్యలోంచే పోయేవి. ఆయన తానా అంటే నేను తందానా. వచ్చే ఏడు ఆయన తప్పుకుంటున్నాడు, హెడ్ కోచ్ పదవి నాకే ఇప్పిస్తానన్నాడు. నాకది కావాలి. దాచుకోవడం దేనికి!

మూడో వారంలో ఎదుటి జట్టువాళ్ళు మా ఇంగ్లిషు కేకలన్నీ పట్టేస్తుంటే కంగారులో మురళికి తెలుగులో అరిచాను. వాళ్ళు బిత్తరపోయారు. గ్రాంట్‌కి అది తెగ నచ్చింది. ఆ మర్నాటి నుంచి జట్టంతటికీ నాలుగు కూరగాయల పేర్లు నేర్పాను. తెల్లవాళ్ళూ, సమోవా కుర్రాళ్ళూ, ఒక లెబనాన్ అబ్బాయీ "వంకాయ! వంకాయ!" అని మైదానమంతా కేకలేస్తుంటే కడుపుబ్బ నవ్వుకున్నాం.

అంతటితో ఊరుకుంటే నేను భ్రమరాంబనెందుకవుతాను? మా పక్కనున్న రౌస్ హిల్‌లో హాలు తీసుకుని తెలుగువాళ్ళు దీపావళి చేశారు. నన్ను స్టేజీ మీదికి పిలిచి శాలువా కప్పి, రెండు ముక్కలు మాట్లాడమన్నారు. నేను ఇరవై నిమిషాలు మాట్లాడాను.

"వంకాయ అంటే కుడి అంచు. బెండకాయ ఎడమ అంచు. కాకరకాయ అంటే దూరంగా విసరడం. ఇక దోసకాయ అంటే, ఇదిగో మా మురళి, బంతి పొట్టకి కరుచుకుని నట్టనడిమిలోంచి!" అని చేత్తో చూపించాను. రెండు వందల మంది పగలబడి నవ్వారు. ముందు వరసలో అందరూ ఫోన్లెత్తి వీడియో తీశారు. నేను వాళ్ళకి కనబడేలా ఇటు కాస్త తిరిగాను కూడా.

కారులో చలపతి అడిగారు. "గుట్టంతా చెప్పేశావేంటి భ్రమరా?"

"మనవాళ్ళలో గ్రిడైరన్ ఆడేదెవరండీ? అంతా క్రికెట్ బ్యాచ్."

"ఏమో మరి" అన్నారాయన.

నవంబరు చివరి శనివారం, ఇక్కడ ఎండాకాలం మొదలు కదా, బాగా ఎండగా ఉంది. ఇంకో రెండు నిమిషాల్లో మ్యాచ్ అయిపోతుందనగా మురళి మధ్యలోంచి వెళ్ళాడు. హెల్మెట్‌కి హెల్మెట్ తగిలిన చప్పుడు నా దాకా వినిపించింది. వెంటనే లేచాడు, బాగానే ఉన్నానని బొటనవేలెత్తి చూపించాడు. మా ఫిజియో లాస్య పరిగెత్తింది. ఇక్కడే పుట్టిన పిల్ల, తెలుగు అర్థమవుతుంది కానీ ఎప్పుడూ ఇంగ్లిషులోనే జవాబిస్తుంది. వాడు నవ్వుతూ ఆమెకి ఆ రోజు తేదీ చెప్పాడు, స్కోరు చెప్పాడు. ఆమె సరేనంది. గెలిచాం. అందరూ బార్బెక్యూ పొయ్యి దగ్గర సాసేజీలు తింటుంటే వాడు నీళ్ళ సీసా పట్టుకుని కారులో కూర్చున్నాడు.

ఇంటికొచ్చాక ఎంతకీ కనిపించకపోతే వెతికాను. గరాజ్‌లో వాషింగ్ మెషీన్ పక్కన నేల మీద కూర్చుని ఉన్నాడు, తల మీద తువ్వాలు కప్పుకుని.

"లైట్ ఆఫ్ చెయ్ అక్కా. ప్లీజ్."

"ఏమైందిరా?"

"హెడేక్. రెండుసార్లు వామిట్ అయింది."

"పద, లాస్యకి ఫోన్ చేద్దాం."

"చేస్తే త్రీ వీక్స్ కూర్చోబెట్టేస్తారు. సెమీస్ టూ వీక్స్‌లో ఉంది."

"పోతే పోయింది."

"నీకు పోతే పోయిందా?" అన్నాడు వాడు.

అవునని వెంటనే అనాల్సింది. ఒక్క క్షణం ఆగాను. ఆ క్షణం వాడికి చాలు. నా చెయ్యి పట్టుకుని వాడి తల మీద పెట్టుకున్నాడు. జుట్టంతా చెమటతో తడిసి ఉంది, కింద చర్మం వేడిగా ఉంది.

"ఒట్టెయ్. ఎవరికీ చెప్పనని. బావక్కూడా."

తల మీద చెయ్యి పెట్టి ఒట్టేసి తప్పితే ఆ తల వెయ్యి చెక్కలవుతుందంటారు మాలో. చిన్నప్పుడు మేమిద్దరం దొంగ ఒట్లన్నీ గడప మీదా చెట్ల మీదా వేసేవాళ్ళం గానీ తలల జోలికి ఎప్పుడూ పోలేదు. అంకెలు నమ్ముకుని బతికేదాన్ని, ఇవన్నీ నమ్ముతానా? అయినా అరచేతి కింద ఆ తల ఉంటే ఒళ్ళు జలదరించింది.

"ఒట్టు" అన్నాను.

వాడి కోసమే వేశానని చాలా రోజులు చెప్పుకున్నాను. సగం నా కోసం వేశాను.

ఆ పధ్నాలుగు రోజులూ భయంతో చచ్చాను. మొదటి వారం మాకు మ్యాచ్ లేదు, ప్రాక్టీసుకి వాడు యూని పరీక్షలని వంక పెట్టాడు. రసంలో ఉప్పు వేసి, రెండు నిమిషాలాగి మళ్ళీ వేశాడు. మెట్రో స్టేషనుకని బయల్దేరి, వీధి చివర కారాపుకుని ఎటు తిరగాలో తెలీక నాకు ఫోన్ చేశాడు. వంటింట్లో నల్ల కళ్ళద్దాలు పెట్టుకుని తిరిగాడు. స్నానానికెళ్తే నీళ్ళ చప్పుడు ఆగేదాకా తలుపు బయట నిలబడేదాన్ని. పొద్దున లేవడం ఆలస్యమైతే గదిలోకి తొంగిచూసి, దుప్పటి పైకీ కిందికీ కదిలిందాకా కదిలేదాన్ని కాదు. చెబితే ఒట్టు తప్పినట్టు, చెప్పకపోతే వాడేమవుతాడో తెలీదు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

"వీడికి సైట్ పెరిగినట్టుంది. ఐ టెస్ట్‌కి బుక్ చేశా, నెక్స్ట్ ట్యూస్‌డే" అన్నారు చలపతి ఒకరోజు, కూర కలుపుకుంటూ. నేను ఆయన కంచంలో ఇంకో గరిటెడు అన్నం వేశాను.

సెమీస్ ముందు గురువారం ప్రాక్టీసులో గ్రాంట్ దగ్గరికెళ్ళాను. ఒట్టు తప్పకుండా చెప్పే దారి వెతుక్కుంటూ, మురళి అలిసినట్టున్నాడు, శనివారం రెండో కుర్రాణ్ణి పరిగెత్తిద్దామా అన్నాను.

"లాస్య ఏమైనా అందా?" అని అడిగాడు.

"లేదు."

"అయితే బాగానే ఉన్నాడు. ఇట్స్ యువర్ కాల్, బ్రామ్. బట్ సెమీస్‌లో మంచి గుర్రాన్ని కట్టేసి ఇంకో గుర్రాన్ని తోలినవాణ్ణి నేనింతవరకూ చూడలేదు."

నవ్వి నా భుజం తట్టాడు. నేనూ నవ్వాను. ఇంకొక్క ముక్క అడిగుంటే చెప్పేసేదాన్నేమో. ఆయన అడగలేదు.

శనివారం మ్యాచ్‌కి ఇరవై నిమిషాల ముందు ఎదుటి జట్టు కుర్రాడొకడు హెల్మెట్ చంకలో పెట్టుకుని నా దగ్గరికొచ్చాడు. యాభై రెండో నంబరు. తాటిచెట్టంత మనిషి, లేత మొహం.

"నమస్తే ఆంటీ. మా మమ్మీ మీ బిగ్ ఫ్యాన్. మీ దివాలీ స్పీచ్ వీడియో ఇంట్లో టెన్ టైమ్స్ పెట్టింది. వెరీ ఫన్నీ."

వాడి మొహంలో ఎకసెక్కం లేదు, నిజంగా మర్యాదకే వచ్చాడు.

హెడ్‌సెట్‌లో గ్రాంట్‌ని పిలిచాను. "మన మాటలు వాళ్ళకి తెలిసిపోయాయి. మార్చేయాలి."

"ఎలా తెలిశాయి?"

శాలువా, మైకు, ఫోన్లెత్తిన ముందు వరస, వాటన్నిటినీ దాటేశాను. "వాళ్ళలో ఒక తెలుగబ్బాయున్నాడు" అన్నాను.

"ఇరవై నిమిషాల్లో కొత్త మాటలు నేర్పితే మనవాళ్ళే ఒకరినొకరు గుద్దుకుంటారు. తెలియడం వేరు, ఆపడం వేరు బ్రామ్. మధ్యలోంచి కొడుతూ పో."

మరొకరైతే పోట్లాడేవాళ్ళు. పోట్లాడితే తప్పు నాదని ఒప్పుకోవాలి. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను.

నేను "దోసకాయ" అన్న ప్రతిసారీ అవతల యాభై రెండు అందుకునేవాడు. "దోసకాయ! మిడిల్, మిడిల్!" వాళ్ళంతా మధ్యలోకి దగ్గరికొచ్చేసేవాళ్ళు. మురళి వెళ్ళి ఆ గోడకి తగులుకునేవాడు. రెండుసార్లు ధైర్యం చేసి కాకరకాయ పిలిచాను. ఒకటి దొరికింది, ఒకటి జారిపోయింది. జారిపోగానే చెవిలో నిట్టూర్పు, ఆ వెనకే బట్. ఇక మళ్ళీ దోసకాయే. ఆట చివరికొచ్చేసరికి వాడు పడి లేచే తీరు మారింది. ముందు ఒక మోకాలు, కాసేపాగి చెయ్యి నేలకానించి, అప్పుడు రెండోది. లాస్య కూడా అటే చూస్తోంది.

నలభై సెకన్లు మిగిలాయి. నాలుగు పాయింట్లు వెనకున్నాం. చివరి గీత రెండు గజాల్లో ఉంది, దాటితే ఆరు పాయింట్లు, గెలుపు. రెండు ప్రయత్నాలున్నాయి.

"దోసకాయ" అన్నాడు గ్రాంట్. ఆ మాట ఆయన నోట్లో ముద్దుగా ఉండేది.

"అందరూ అక్కడే ఉన్నారు. కుడి అంచు ఖాళీ. వంకాయ పిలుస్తాను."

"ఇట్స్ యువర్ కాల్. బట్ రెండు గజాలుండగా అంచుకి తీసుకెళ్ళి బంతి పోగొడితే, వచ్చే ఏడు నీ తరఫున నేనేం మాట్లాడను?"

కోపంగా అనలేదు. నా మంచి కోరేవాడిలాగే అన్నాడు. మురళి నావైపు తిరిగి కేక కోసం చూస్తున్నాడు. హెల్మెట్ కడ్డీల వెనక వాడి కళ్ళు కనబడటం లేదు.

"దోసకాయ!" అని అరిచాను.

అవతల ఆ కుర్రాడూ అరిచాడు. బంతి మురళి చేతికెళ్ళింది, ముగ్గురు కలిసి వాణ్ణి నేలకేశారు. గీత దాటలేదు. అందరూ లేచాక వాడూ లేచాడు. స్టాండులో చప్పట్లు కొట్టారు. వాడు హెల్మెట్ తీసి, తిన్నగా నడుచుకుంటూ ఎదుటి జట్టు వైపు వెళ్ళాడు. వాళ్ళ బెంచీ ముందు వాళ్ళ కుర్రాళ్ళ వరసలో నిలబడి నీళ్ళ కోసం చెయ్యి చాచాడు. మావాళ్ళు కొందరు నవ్వారు.

యాభై రెండో నంబరు కుర్రాడు మురళి దగ్గరికెళ్ళి ఏదో అన్నాడు, మురళి ఏదో జవాబిచ్చాడు. ఆ కుర్రాడు గిరుక్కున నావైపు తిరిగాడు.

"ఆంటీ! ఒంగోలు బండి ఏ ప్లాట్‌ఫారం అని అడుగుతున్నాడు ఆంటీ!"

చెవిలో గ్రాంట్ అంటున్నాడు. "లేచాడు, నడుస్తున్నాడు. ఇంకొకటుంది బ్రామ్."

హెడ్‌సెట్ తీసి గడ్డిలో పెట్టి పరిగెత్తాను. లాస్య నాకంటే ముందే వాడి చెయ్యి పట్టుకుంది.

"రెండు వారాల కిందట కూడా తగిలిందమ్మా. వాంతులయ్యాయి. నాకు తెలుసు" అన్నాను.

ఆ మాట నా నోట్లో ఉండగానే వాడి మోకాళ్ళు మడతపడ్డాయి. లాస్యా, ఆ కుర్రాడూ పట్టుకోకపోతే తల నేలకి కొట్టుకునేది. అంతకుముందు తగిలిన దెబ్బ వల్లే పడిపోయాడనీ, నేను మాట్లాడటానికీ దానికీ సంబంధం లేదనీ తెలుసు. ఇప్పటికీ అదే చెప్పుకుంటాను. అయినా నేను ఒట్టు తప్పడమూ వాడు కూలిపోవడమూ ఒక్కసారే జరిగాయి, నా కళ్ళతో చూశాను.

లాస్య వాడి తల రెండు చేతులతో కదలకుండా పట్టుకుని నా వంక చూసింది. "ఎందుకు చెప్పలేదు ఆంటీ?" అంది. ఆ పిల్ల నోట తెలుగు నేను వినడం అదే మొదటిసారి.

ఆసుపత్రిలో స్కాన్ తీసి, మెదడు మీద కొద్దిగా రక్తం చేరిందన్నారు. ఇప్పటికి ఆపరేషన్ అక్కర్లేదు, పెరుగుతుందేమో చూడాలన్నారు. ముందెప్పుడైనా తగిలిందా అని డాక్టరమ్మ అడిగితే, లేదని చలపతి అంటుండగానే "పధ్నాలుగు రోజుల కిందట" అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. "నేను కళ్ళజోడనుకున్నాను" అన్నారు.

మర్నాడు ఆదివారం గ్రాంట్ చేతికర్రతో వచ్చాడు. ఆయన కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఆసుపత్రి వరండాలో చలపతి పక్కన కూర్చుని, బ్రామ్‌కి పూర్తి స్వేచ్ఛ ఇచ్చాను, ఒక్కరోజు కూడా అడ్డుపడలేదు, మీ ఆవిడ అంత ధైర్యంగా ఆట పిలిచేవాళ్ళు లేరు అని చెప్పాడు. అబద్ధమాడటం లేదు, నిజంగానే అలా అనుకుంటున్నాడు. ఆయన చేతికర్ర తీసి గోడకానించాను.

మధ్యాహ్నానికి మురళి కళ్ళు విప్పాడు. కిటికీ తెరలన్నీ వేసి ఉన్నాయి. నన్ను గుర్తుపట్టాడు. నా ప్రాణం లేచొచ్చింది.

"అక్కా, లాస్ట్ ప్లే ఎవరు పిలిచారు?"

"గ్రాంట్" అన్నాను.

"అనుకున్నా. నువ్వైతే పిలవవు" అని హాయిగా కళ్ళు మూసుకున్నాడు.

పది నిమిషాలకి మళ్ళీ కళ్ళు విప్పాడు. "అక్కా, లాస్ట్ ప్లే ఎవరు పిలిచారు?"

అదే గొంతు, అదే ప్రశ్న. గ్రాంట్ అన్నాను. అనుకున్నా, నువ్వైతే పిలవవు అన్నాడు. కిటికీ దగ్గరున్న చలపతి తిరిగి నన్ను చూశారు.

మూడోసారి అడిగినప్పుడు చెప్పాను. "నేనేరా. కోచ్ అన్నాడు, పిలిచింది మాత్రం నేను. మనం ఏం ఆడబోతున్నామో వాళ్ళకి తెలుసని తెలిసే పిలిచాను."

"వాళ్ళకెలా తెలుసు?"

"దీపావళి రోజు స్టేజీ మీద నేనే చెప్పాను కదా. వాళ్ళ అబ్బాయి వీడియో చూశాడు."

వాడి మొహం చిన్నపిల్లాడి మొహంలా ముడుచుకుపోయింది. కళ్ళ చివర్ల నుంచి నీళ్ళు చెవుల్లోకి కారాయి. తుడవబోతే తల కదపలేక చెయ్యి అడ్డం పెట్టాడు. పది నిమిషాలకి కళ్ళు విప్పి, నన్ను చూసి ప్రేమగా నవ్వి అడిగాడు. "అక్కా, లాస్ట్ ప్లే ఎవరు పిలిచారు?"

జ్ఞాపకం నిలవడం లేదని డాక్టరమ్మ చెప్పింది. నిలిచేదాకా ఇలాగే అడుగుతూంటాడట. ఎప్పటికి నిలుస్తుందో, నిలుస్తుందో లేదో, ఈ రాత్రి గడిస్తే గానీ చెప్పలేనంది.

చీకటి పడేదాకా ఎన్నిసార్లడిగాడో అన్నిసార్లూ నిజమే చెప్పాను. వాడికి ప్రతిసారీ అదే మొదటిసారి. వాడు మర్చిపోయినప్పుడల్లా ఇలాగే ఉండిపోతాడేమోనని భయం. మర్చిపోకపోతే ఏమవుతుందోనని ఇంకో భయం. దేవుడికి దేని గురించి దణ్ణం పెట్టుకోవాలో కూడా తెలియలేదు. చివరికి వాడికి గుర్తుండాలనే పెట్టుకున్నాను.

పొద్దున నేను వెళ్ళేసరికి వాడు మేలుకునే ఉన్నాడు. నన్ను చూశాడు. నేను మంచం పక్కన కూర్చుని వాడు అడుగుతాడని ఎదురుచూశాను. చలపతి అందించిన నీళ్ళు తాగి "థాంక్స్ బావా" అన్నాడు. గ్లాసు ఇచ్చేసి గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

డాక్టరమ్మ వచ్చి వాడి వీపు వెనకే నిలబడి అడిగింది, ఇవాళ ఏం వారం, ఇది ఏ ఊరు, నిన్న నీతో ఎవరు మాట్లాడారు, ఏం చెప్పారు అని. గోడ వైపు చూస్తూనే ఒక్కోదానికీ జవాబు చెప్పాడు. ఒక్కటీ తప్పలేదు.

ఆమె నావైపు తిరిగి నవ్వింది. "అన్నీ గుర్తుంటున్నాయి. ఇక మీరు భయపడక్కర్లేదు" అంది.